ఆరిపోతున్న పదును

“ఇయ్యాల అమాస. గొర్రు కట్టద్దు,” అన్నాడు బక్కయ్య, గొంగడి కప్పుకుని గోడకు ఆనుకుంటూ.

పగ్గాలు చేతబట్టుకుని వాకిట్లో నిలబడ్డ కొడుకు లింగమూర్తికి ఒళ్లు మండింది. మిరుగు కార్తె వాన నిన్ననే పడింది. రేగడి మంచి పదును మీద ఉంది. ఎండ ఇలాగే కాస్తే ఆ తేమ ఎంతో నిలవదు. ఆరిన నేలలో జొన్నలు విత్తితే పిట్టలకు పెట్టినట్టే. మళ్లీ వాన ఎప్పుడో ఎవరికెరుక?

“భూమిల పదునుంటే అమాస లేదు, పున్నం లేదని నువ్వే అంటుంటివి గద బాపు.”

“అప్పుడు వయసుల ఉంటి. ఏదో అన్న.”

ఆ అప్పుడు లింగమూర్తికి బాగా గుర్తుంది. కోడి కూయకముందే దుప్పటి లాగి లేపేవాడు. రజాకార్ల గడబిడకు ఊరు సగం ఖాళీ అయిన ఏడు కూడా ఈయన విత్తడం ఆపలేదు. కాసేపు నీడన కూర్చున్నవాడు కనబడితే చాలు, “నడుం వంగనోనికి నాలుగెకరాలెందుకురా” అని ఊరంతా వినేలా అనేవాడు. సుల్తానాబాదు చుట్టుపక్కల గొర్రు వెంట నడుస్తూ దాని మీది గిన్నెలోకి, జడ్డిగంలోకి, గింజ జారవిడిచే చెయ్యంటే బక్కయ్యదే. మొలక దారం పట్టినట్టు వచ్చేది. అందుకే ఆ ఇంట్లో మొదటి పిడికెడు ఆయనే వేయాలి. అంతవరకు ఇంకెవరూ గింజ ముట్టకూడదు.

ఇప్పుడా మనిషి పొద్దెక్కినా లేవడు. అంత ఉక్కలోనూ గొంగడి తీయడు. బీడీ కూడా భార్య సత్తవ్వే ముట్టించి నోట్లో పెట్టాలి. అందరూ తిన్నాక, తలుపు దగ్గరికి వేసుకుని తింటాడు. ముసలితనంలో ఈ రాజభోగమేమిటో లింగమూర్తికి అర్థం కాలేదు.

మర్నాడు ఇంకో మాట. “మంగళారం ఇంట్లకెళ్లి గింజ బైటికి తియ్యద్దు.”

పక్క చేన్లో కైలాసం అప్పటికే సగం విత్తేశాడు. అది చూసి వచ్చి లింగమూర్తి తల్లి మీద పడ్డాడు.

“అవ్వా, నువ్వన్న చెప్పరాదే. మనల్ని ఉపాసముంచుతడా ఏంది?”

“జర ఇడిసిపెట్టు కొడుకా. ఎంత కష్టం జేసిండు ఆయన,” అని సత్తవ్వ మొహం తిప్పుకుంది.

“కష్టం జేసినోడు ఇంకొక్క పూట జేస్తే అరిగిపోతడా?”

ఆమె చేట తీసుకుని లోపలికి పోయింది.

బుధవారం ఎద్దులు వాకిలి దాటుతుంటే బల్లి పలికిందన్నాడు బక్కయ్య. ఆ బల్లి ఆయనకు తప్ప ఎవరికీ వినబడలేదు. లింగమూర్తి ఇక ఆగలేదు. ఎద్దుల్ని తోలుకుపోయి గొర్రు కట్టాడు. గోటితో గీకి చూస్తే పైమట్టి పొడిబారింది. తేమ కిందికి దిగుతోంది. ఈ పూట దాటితే అంతే సంగతులు.

సత్తవ్వ గింజల గంపతో వచ్చింది. ఆమె వెనకే, తప్పక, బక్కయ్య.

“మూర్తీ, ఈసారి మీ అవ్వతోని ఏపియ్యి. నాకు కాళ్లు గుంజుతున్నయ్.”

“గింజలు కాళ్లతోని ఏస్తవా? ఇన్నేండ్లు ఇంకో చెయ్యి ముట్టద్దంటివి. ఇప్పుడు మొదటి పిడికెడు గూడ అవ్వ మీదికి నెడుతున్నవా?”

“ఊకో కొడుకా,” అంది సత్తవ్వ.

“ఎందుకూకోవాలె? ఊరందరికి పని నేర్పినోడు, గిప్పుడు పనిదొంగైండు. నీ సోమరితనానికి గీ యేడు మేం గంజి తాగి బతకాల్నా బాపు?”

గట్టు అవతల కైలాసం ఎద్దుల్ని ఆపి ఇటే చూస్తున్నాడు. బక్కయ్య తల వంచుకుని గొంగడి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాడు. అది చూసి లింగమూర్తికి ఇంకా మండింది. గంపలోంచి పిడికెడు జొన్నలు తీశాడు. తండ్రి గొంగడి పక్కకు లాగి, కుడిచెయ్యి బయటికి గుంజి, అరచేతిలో పోశాడు.

వణికే ఆ చేతిలో ఒక్క గింజ నిలవలేదు.