ఆకుకు చెప్పిన పేరు

"ఎవరి పేరు మీద తెంపాలె, బిడ్డా?" నేలవేము మొక్క ముందు కూర్చుని అడిగింది బీర్పూర్‌లో ఆకుమందు ఇచ్చే ఐలవ్వ. జ్వరం వచ్చినవాళ్ల పేరు మొక్కకు చెప్పందే ఆమె ఆకు తెంపదు.

సుకన్యకు కావలసింది పరిశోధనకు ఆకు. రోగి ఎవరూ లేరు. బస్సుకు టైమవుతోందని నోటికొచ్చిన పేరు చెప్పేసింది. వర్షిణి. సిరిసిల్లలో ఉండే అక్క కూతురు.

"అయ్యో, చిన్నపిల్లనా! ఆ పిల్లకే తాపియ్యి," అంటూ ఐలవ్వ ఆకు తెంపి ఇచ్చింది.

రెండు వారాల తర్వాత ఓ రోజు చీకటి పడ్డాక, జగిత్యాల కాలేజీ ల్యాబులో సుకన్య ఒక్కతే క్రిములు పెంచే ప్లేట్లు బయటికి తీసింది. అన్నిటిలోనూ టైఫాయిడ్ క్రిములు వేసింది తనే. ఆకు రసం పెట్టిన ప్లేటు శుభ్రంగా ఉంది. సంతోషించబోయింది. కానీ ఆకు తగలని ప్లేటు కూడా కడిగినట్టే ఉంది. అది క్రిములతో తెల్లగా నిండి ఉండాలి. అవన్నీ ఎక్కడికి పోయాయి?

ఫ్రిజ్ మోత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఫోన్ మోగింది.

"వర్షిణికి జరం, సుకన్యా. టైఫాయిడ్ అంటున్రు." అక్క ఏడుస్తోంది. "నీతోని మాట్లాడుతా అంటున్నది."

ఆ పేరు చెప్పిన సంగతి సుకన్య ఎవరికీ చెప్పలేదు.

అక్క ఫోన్ వర్షిణికి ఇచ్చింది.

"చిన్నమ్మా, నా పేరెందుకు చెప్పినవ్?"