గంటాయన లెక్క

"ఆ తాడు ఇలా ఇవ్వు. ఈ ఒక్కసారికి నేను కొడతాను," అన్నాడు పాస్టరుగారు.

గంటాయన తాడు వదల్లేదు.

"ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో అందరి పిల్లలకీ నేనే కొట్టాను అయ్యగారూ. నా కొడుక్కి ఇంకొకరు కొట్టడమేంటి?"

తెల్లారుతూనే గని కప్పు కూలింది. లోపల పదకొండు మంది ఇరుక్కుపోయారు. మొదట బయటికి తీసింది గంటాయన కొడుకునే. ఊపిరి లేదు. పాస్టరుగారు గని దగ్గర్నుంచి పరుగున వచ్చి ఆ మాట చెప్పి పది నిమిషాలైనా కాలేదు.

ఆ చర్చికి ఒక పద్ధతుంది. ఎవరైనా పోతే, పోయినవాళ్ళ వయసెంతో గంట అన్నిసార్లు మోగాలి. ఊరంతా ఎక్కడి పని అక్కడ ఆపి లెక్కపెడుతుంది. ఇవాళైతే చెప్పనే అక్కర్లేదు. తక్కిన పది ఇళ్ళ ఆడవాళ్ళూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డారు. గంట ఎన్నిసార్లు మోగుతుందో తెలిస్తే, పోయింది తమ వాడో కాదో తెలిసిపోతుంది.

"ఇరవై రెండు," అన్నాడు పాస్టరుగారు మెల్లగా.

"వాడి వయసు నాకు చెబుతున్నారా?"

గంటాయన లాగాడు. ఒకటి. రెండు. మూడు. కూడికలు, తీసివేతలు అతనికి ఏనాడూ ఒంటబట్టలేదు గానీ గంట లెక్క మాత్రం తప్పడు. ఏడో దెబ్బకి కళ్ళు కనపడ్డం మానేశాయి. కన్నీళ్ళు గడ్డంలోకి కారిపోతున్నా తుడుచుకోలేదు, రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి మరి.

ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు.

చెయ్యి ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది అతనికి, ఇంట్లో మంచం మీదున్న ఇల్లాలు. మూడు నెలలుగా గుండె జబ్బుతో లేవలేని మనిషి. "మంచైనా చెడైనా, నేను పక్కన ఉన్నప్పుడే చెప్పండి," అని డాక్టరు మరీ మరీ చెప్పి వెళ్ళాడు. ఆ డాక్టరు ఇప్పుడు గని దగ్గరున్నాడు. ఆవిడవి పాముచెవులు. ఈపాటికి వేళ్ళు మడుచుకుంటూ లెక్కపెడుతూ ఉంటుంది. గనిలోకి దిగిన వాళ్ళలో ఇరవై రెండేళ్ళవాడు వాడొక్కడే.

గంటాయన మళ్ళీ లాగాడు. ఇరవై మూడు.

"అయిపోయిందయ్యా, ఆపు!"

"ఇక్కడ ఆపితే మా ఇంటిది పోతుంది అయ్యగారూ." ఇరవై నాలుగు. ఇరవై అయిదు.

"మరి ఎక్కడ ఆపుతావు? ఇరవై తొమ్మిది దగ్గర ఆపితే గనిలో కందిళ్ళు బాగుచేసేవాడి పెళ్ళాం గుండె పగిలి చస్తుంది!"

"ఆపను. అందర్నీ దాటిస్తాను. గని మేస్త్రీకి అరవై ఒకటి. అదీ దాటిస్తాను."

"దేవుడి గంటతో అబద్ధం ఆడిస్తావా?"

"మరి దేవుడి కనికరం ఏదీ? పొద్దుట్నుంచి చూస్తున్నాను, ఎక్కడా కనపడదే! ఆయన చూపించకపోతే నేనే చూపించుకుంటాను నా పెళ్ళానికి!"

ఇలాంటప్పుడు చెప్పాల్సిన వాక్యాలన్నీ పాస్టరుగారికి కంఠతా వచ్చు. ఒక్కటీ ఇక్కడ అతకదనిపించింది. నలభై దాటేసరికి గంటాయన చేతుల్లోంచి తాడు జారడం మొదలెట్టింది. యాభైకి ఒంటి బరువంతా వేసి తాడుకి వేలాడాడు. పాస్టరుగారు ముందుకొచ్చి, అంగీ చేతులు పైకి మడిచి, అతని చేతుల పైన తన చేతులేసి తాడు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి లాగారు. డెబ్భై నాలుగు దగ్గర ఆపారు.

వీధి పొడుగునా ఆడవాళ్ళు "స్తోత్రం, స్తోత్రం" అనుకోవడం వినపడుతోంది. గంటాయన తలొంచుకుని వాళ్ళ మధ్యలోంచే నడిచాడు. ఇంటి బయట కుళాయి దగ్గర ముఖం కడుక్కుని, రెండుసార్లు గొంతు సవరించుకుని లోపలికెళ్ళాడు.

ఆవిడ కిటికీ పక్క మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుంది.

"డెబ్భై నాలుగు," అంది.

"అవునే. ఎవరో ముసలాయన."

"ఎవరు?"

"నీకు తెలీదులే."

"ఈ ఊళ్ళో నాకు తెలియని ముసలాయన కూడా ఉన్నాడా?"

"ఉన్నాడులేవే! అన్నిటికీ ఆరా నీకు. మనవాడిని ఇంకా తియ్యలేదు. తీస్తారు. సాయంత్రం డాక్టరు వస్తాడు, ఆ లోపల కాస్త గంజి తాగి పడుకో. దేవుడు కనికరించాడనుకో."

చివరి మాట దగ్గర చలిగాలికి అన్నట్టు దగ్గాడు.

"కనికరించాడు," అంది ఆవిడ. "ఇలా వచ్చి కూర్చో."

కూర్చున్నాడు. ఆవిడ అతని చేతులు రెండూ తన ఒళ్ళోకి తీసుకుంది. తాడు ఒరుసుకుని అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి. దుప్పటి అంచు నీళ్ళ గ్లాసులో ముంచి, ఒక్కో వేలూ నెమ్మదిగా తుడిచింది. తుడుస్తున్నంతసేపూ తలెత్తలేదు. అతనూ ఆవిడ ముఖం చూడలేదు. చూస్తే ఎక్కడ బయటపడిపోతానోనని గోడకేసి చూస్తూ కూర్చున్నాడు.

"ముప్ఫై ఏళ్ళలో ఏనాడూ దెబ్బకీ దెబ్బకీ మధ్య నీ చెయ్యి ఆగలేదయ్యా. ఇవాళ ఇరవై రెండు దగ్గర ఆగింది," అంది.

అతను గోడ మీంచి చూపు తిప్పలేదు. భుజాలు మాత్రం కదిలిపోతున్నాయి.

ఆవిడ అతని తలను తన భుజానికి అదుముకుంది. "పొద్దుట్నుంచీ ప్రభువుని రెండే అడిగాను. నా బిడ్డని దక్కించమన్నాను. అది కాకపోతే, ఆ మాట నీ నోటితో నాకు చెప్పాల్సిన గతి నీకు పట్టించొద్దన్నాను. రెండోది విన్నాడు."