ఇద్దరికే దొరికిన క్రియ

ప్రచురణకర్త రెండు కాగితాల కట్టలు బల్ల మీద పెట్టి, అటొకరినీ ఇటొకరినీ కూర్చోబెట్టాడు.

అటు మాస్టారు. ఇటు ఆయన శిష్యుడు. ఇద్దరూ రాసినవి నిఘంటువులే. ఇంగ్లీషు మాట, పక్కన తెలుగు అర్థం.

శిష్యుడు పదకొండేళ్లు మాస్టారింట్లో ఈ బల్ల దగ్గరే పని నేర్చుకున్నాడు. మాస్టారి భార్యను నోరారా అమ్మా అని పిలిచేవాడు. అతనికి జ్వరమొస్తే తడిగుడ్డ మార్చింది ఆమే. నిరుడు కాలేజీలో ఉద్యోగం వచ్చి వెళ్లాడు. ఏడాది తిరక్కుండా సొంత నిఘంటువు పట్టుకొచ్చాడు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడని మాస్టారు మండిపడ్డాడు. మన కార్డులన్నీ ఎత్తి రాసుకున్నాడన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. మన చేతుల్లో పెరిగినవాడు అంతపని చెయ్యడని నెల్లాళ్లుగా భర్తతో వాదిస్తూనే ఉంది. చేశాడని తేలితే ఈ గడపలోకి అతన్ని మళ్లీ ఏ ముఖంతో పిలవడం?

ఆ కార్డులు రాసింది ఆమే. మాస్టారి కోడిగీతలను విడదీసి, ఒక్కో మాటకు ఒక్కో కార్డు చొప్పున ముత్యాల్లాంటి అక్షరాలతో ఎక్కించేది. పుస్తకం మీద పేరు వెయ్యమని ఎన్నడూ అడగలేదు.

ఆమె కాఫీ గ్లాసులతో గుమ్మం దాకా వచ్చేసరికి ప్రచురణకర్త ఒక పేజీ మీద వేలు పెట్టి ఉన్నాడు.

"పెర్విడేట్. క్రియ. తెలిసిన సంగతిని మర్యాద కొరకు తెలియనట్లు ఊరకుండుట. రెండు పుస్తకాల్లోనూ ఇదే అర్థం, పొల్లు పోకుండా. నా దగ్గరున్న పెద్ద నిఘంటువుల్లో ఈ మాట లేదు. మీ ఇద్దరికే దొరికింది. ఎలా దొరికిందో చెప్పండి. ఎవరిది నిజమనిపిస్తే వారి పుస్తకం వేస్తాను. రెండోది తిప్పి పంపేస్తాను."

మాస్టారు కళ్లజోడు సర్దుకున్నాడు. లైబ్రరీలో బూజు పట్టిన ఉత్తరాల కట్ట ఒకటి ఉందట. ఎవరో జడ్జిగారు స్నేహితుడికి రాసినవి. మూడు రోజులు దుమ్ములో కూర్చుంటే దొరికిందట. అర్థం కుదరడానికి ఇంకో వారం. ఇంటి మాటల్లో వాడరనీ, పెద్దమనుషులు ఉత్తరాల్లోనే వాడతారనీ ప్రయోగం కూడా వివరించాడు.

ఆమె గుమ్మం దాటబోయి ఆగింది.

శిష్యుడు నవ్వాడు. "మూడు రోజులెందుకు మాస్టారూ? నేను లాగూ వేసుకున్నప్పటినుంచీ వింటున్న మాట. మా తాతయ్య లాయరు గుమాస్తా. నోటీసు రాశాక పైకి చదివి చూసుకునేవాడు. 'నా క్లయింటు ఇంతకాలం పెర్విడేట్ చేసియున్నాడు' అని ప్రతి నోటీసులోనూ ఉండేది."

తాతయ్య గొంతు కూడా అనుకరించి వినిపించాడు. తరవాత గుమ్మం వైపు తిరిగాడు.

"మీకు తెలియదా అమ్మా? నేను మీ దగ్గరెప్పుడైనా అబద్ధమాడానా?"

ఆమె అతని కళ్లలోకి చూసింది. ఆ కళ్లలో తడబాటన్నది లేదు. నెల్లాళ్లుగా ఎవరికోసం భర్తతో పోట్లాడిందో అతను ఈ మనిషి కాడనిపించింది.

"దాన్నే అడగండి," అన్నాడు మాస్టారు. "కార్డు రాసింది అదే. ఏమే, ఆ మాట నీకు చెప్పి రాయించింది నేనా కాదా?"

ప్రచురణకర్త కుర్చీ ఇటు జరుపుకున్నాడు. "చెప్పండమ్మా. మీ మాటే ఆఖరు."

ఆమె వచ్చి ముగ్గురి ముందూ మూడు గ్లాసులు పెట్టింది. భర్త ముందు పెట్టేటప్పుడు ఆయన ముఖంలోకి కూడా ఓసారి చూసింది. అక్కడా తడబాటు లేదు.

"ఇద్దరికీ అంత బాగా గుర్తుంటే మధ్యలో నేనెందుకు? చల్లారిపోతుంది, తాగండి," అంది.

ఖాళీ పళ్లెం పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ క్రియ ఇంగ్లీషులో లేనే లేదు. తను రాసిన కార్డులు ఆయన ఒక్కసారైనా చదువుతున్నాడో లేదో చూద్దామని, రెండేళ్ల కిందట ఓ మధ్యాహ్నం ఆమే పుట్టించి, అర్థం కూడా కల్పించి, దొంతరలో దూర్చింది.