తప్పు పేరు

గదిలోకి వస్తూనే ఉపేంద్ర గోడకు అతికించి ఉన్న కాగితాన్ని పీకి, నాలుగు మడతలు వేసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ తరువాతే కంప్యూటరు ముందు కూర్చున్నాడు.

కాగితం మీద ఉన్నది అతని దస్తూరీయే. ఆరేళ్ల కిందట నరసన్నపేటలోని ఈ ధర్మాసుపత్రికి కంప్యూటర్లు అమర్చినప్పుడు, రోజూ సాయంత్రం బ్యాకప్ తీయడానికి కొట్టవలసిన కమాండును ఒకే వరుసలో రాసి ఇచ్చాడు. మొన్న రాత్రి డిస్కు చెడిపోయింది. రెండువేల మంది కిడ్నీ రోగుల నెలనెలా రక్తపరీక్షల ఫలితాలు అందులోనే ఉన్నాయి. విజయనగరం నుంచి అతన్ని పిలిపించారు.

చివరి బ్యాకప్ ఫైలు నుంచి అన్నీ తిరిగి ఎక్కించే పని మధ్యాహ్నానికి ముగిసింది. డేటా అంతా వచ్చిందా అని మేనేజరు అనంతపద్మనాభం అడిగాడు. చివరి రోగి దాకా వచ్చిందన్నాడు ఉపేంద్ర, తెర మీది నుంచి చూపు తిప్పకుండా.

అనంతపద్మనాభం హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. తలుపు దగ్గర నిలబడ్డ గుమాస్తా దేవమణి వైపు తిరిగి, రాసిచ్చిన కమాండును రోజూ తప్పకుండా కొట్టినందుకు మెచ్చుకున్నాడు.

"నేదండి. అందులో ఒక మాట తీసేసి కొట్టినాను" అంది ఆమె.

ఉపేంద్ర కుర్చీ గిర్రున తిరిగింది.

"విన్నారా మాస్టారూ? కమాండులో ఒక్కో మాటా ఒక్కో ఆప్షన్. ఇంటర్ తప్పిన మనిషి నా కమాండును దిద్దిందట."

ఏ మాట తీసేసిందని అనంతపద్మనాభం అడిగాడు.

"చెప్పినా మీకు అర్థం కాదు."

ఆ తరువాత అతను ఆమెతో కాక ఖాళీ గోడతో మాట్లాడాడు. తన పద్ధతిలో రెండు సెకన్లలో అయ్యే పని ఈ చేతుల్లో ముప్పావుగంట పడుతోందనీ, గుప్పెడంత ఉండవలసిన ఫైలు గోనెసంచి అంత అయిందనీ, ఓపీ చీట్లు రాసుకునేవాళ్లకు కీబోర్డు ఇస్తే ఇంతేననీ, ఈసారికి అదృష్టం కొద్దీ గట్టెక్కారనీ.

"ఎవర్ని అడిగి తీసేశావు?"

"మిమ్మల్నే అడిగినాను సార్. మూడుసార్లు ఫోన్ సేసినాను. ఆ మాట ఎందుకండి అంటే, నీకు అర్థాలెందుకు, ఉన్నది ఉన్నట్టు కొట్టు అన్నారు."

"మరి కొట్టావా?"

"నేదు."

అతను నవ్వాడు. ఇటువంటి మనిషి ఇంకా ఆ కుర్చీలో ఉంటే ఇకమీదట ఏం జరిగినా తన బాధ్యత కాదన్నాడు. దేవమణి కాంట్రాక్టు ఈ నెలాఖరుతో ముగుస్తుంది. ఆమె చెప్పులు లేని తన పాదాలను చూసుకుంటూ నిలబడింది.

ఆజ్ఞను మీరిన మనిషి, కారణం ఉన్నా లేకపోయినా, జవాబు చెప్పుకోవాలని ముప్పై ఏళ్లు పిల్లలకు బోధించినవాడు అనంతపద్మనాభం.

"క్షమాపణ పత్రం రాయమ్మా. దాన్ని చూశాకే ట్రస్టువారు నీ కాంట్రాక్టు సంగతి తేలుస్తారు."

ఉపేంద్రకు అది నచ్చింది. తనే చెప్పి రాయించబోయాడు: ఇంజనీరుగారి ఆదేశాన్ని ధిక్కరించాను, మన్నించండి. అంతే చాలు.

"చాలదు" అన్నాడు అనంతపద్మనాభం. "ఏం చేసిందో అందులో ఉండాలి. తప్పు పేరు లేని క్షమాపణ నేను ఏ పిల్లాడి దగ్గరా తీసుకోలేదు."

"అంత వివరం ఎందుకు మాస్టారూ? అది టెక్నికల్ విషయం." ఉపేంద్ర చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్లింది.

"ఆ మాట గుర్తుందామ్మా?"

"రోజూ గోడ మీద సూసీదాన్నే కదండి."

ఆమె బల్ల చివర కూర్చుని రాసింది. ఎక్కువసేపు పట్టలేదు. ఉపేంద్ర చెయ్యి చాచాడు. కాగితం మాత్రం అతని చేతిని దాటి అనంతపద్మనాభం చేతికి వెళ్లింది. తరగతి చివరి బెంచీకి సైతం వినబడాలన్న పాత అలవాటుతో ఆయన దాన్ని పైకి చదివాడు.

"కమాండులో ఉన్న 'నో డేటా' అన్న మాటను నేనే తీసేశాను."