చీరలు ఆరేసిన ఓడ

నూకాలు పాత సరుకుల ఓడ. జలసంధి దగ్గర రణధీరుడనే యుద్ధనౌక మాటు వేసి, ధాన్యం తెచ్చే ఓడలన్నిటినీ ముంచేస్తున్నాడు. చూసి చూసి నూకాలు రేవుకు పోయి, బస్తాలు దింపేసి, పొట్టలో ఆరు ఫిరంగులు పెట్టించుకుంది. వాటికి అడ్డంగా రేకులు బిగించి, కొత్త రంగు పూయించి, పైన తాడు కట్టి చీరలు ఆరేయించింది.

"యుద్ధానికి పోతూ చీరలెందుకే?" అంది పొగగొట్టం మీద వాలిన నీటికాకి.

"వాడిని దగ్గరికి తెచ్చేవి అవే. చూస్తూ ఉండు."

రణధీరుడు ఎదురొచ్చాడు. చీరలు చూడగానే ఇదేదో సంసారాల ఓడలే అనుకుని తన ఫిరంగులు పక్కకు తిప్పేసుకున్నాడు.

"ఏం మోస్తున్నావే, ముసలీ?"

"బరువే, బాబూ. దగ్గరికొచ్చి చూసుకో."

నవ్వుకుంటూ పక్కకే వచ్చాడు. రేకులు ధన్‌మని పడ్డాయి. ఆరు ఫిరంగులూ ఒక్కసారి పేలాయి.

"ఇవి ఉన్నాయని చెప్పలేదేం?" మునిగిపోతూ అరిచాడు.

"నలభై ఏళ్లుగా ఏం మోస్తున్నావనే అడిగారు. ఏం చేయగలవని ఒక్కడూ అడగలేదు."

"అమ్మ నూకాలూ!" అంటూ నీటికాకి రెక్కలు కొట్టింది.

వెనక ధాన్యం ఓడలు బారుగా జలసంధి దాటుతున్నాయి. నూకాలు మాత్రం ఆ చీరలనే తడిపించి మళ్లీ ఆరేయించింది. ఇంకో మొనగాడు రాకపోడు.