పుట్టుకతో వచ్చిన జబ్బు

ప్రేమమ్మ ఎక్కడికి పోవాలన్నా ముందు మొగుడు నెహెమ్యాను గదిలో పెట్టి బయట గడియ వేయాలి.

ఆ రోజు మైదుకూరులో వకీలును చూడాలి. గడియ వేసి చెప్పులు తొడుక్కుంటుంటే వాకిట్లో ఎవరో ముసలాయన. చేతిలో ఫైలు.

"నెహెమ్యా ఇల్లు ఇదేనా అమ్మా? ఆయన్ను ఒకసారి చూడాలి."

"ఎవరప్పా నువ్వు?"

"అప్పీలు సంగతి..."

ఆమెకు ఒళ్లు మండింది. పింఛను ఇప్పిస్తామని డబ్బు గుంజే బ్రోకర్లను తొమ్మిదేళ్లుగా ఎంతమందిని చూడలేదు!

నెహెమ్యా పద్నాలుగేళ్లు పట్టాళంలో చేశాడు. మంచుకొండల్లో డ్యూటీ పడ్డాక నిద్ర కరువైంది, తర్వాత మతి తప్పింది. పుట్టుకతో వచ్చిన జబ్బు, ఉద్యోగానికి సంబంధం లేదని రాసి ఇంటికి పంపేశారు. పింఛను లేదు. రెండు అప్పీళ్లు పెడితే రెండుసార్లూ అదే ముక్క తిరగరాసి కొట్టేశారు. ఇప్పుడు కేసు సైనిక ట్రిబ్యునల్లో ఉంది. అక్కడా పోతే ఇక పై కోర్టుకు పోయే స్తోమత లేదు.

లోపల్నుంచి తలుపు దబదబా మోగింది. ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

"రోజూ ఇంతేనా?"

"ఇంతే. చర్చికి పోయి ఏడాదైంది నేను."

"పట్టాళంలో చేరకముందు ఎలా ఉండేవాడమ్మా?"

"ఎట్లుంటాడు! వాలీబాల్ ఆడుతాంటే పక్కూర్లోళ్లు వచ్చి చూస్తాండ్రి. క్రిస్మస్‌కు పాటలు కట్టి పిల్లోళ్లకు నేర్పిస్తాండె. పుట్టుకతోనే పిచ్చోడైతే పట్టాళంలోకి ఎట్ల తీసుకున్నారు? మమ్మల్ని ఒక్కరన్నా అడిగినారా?"

ఆయన అంతా రాసుకున్నాడు.

"అడగలేదమ్మా. ఇక్కడొక సంతకం పెడతావా?"

"సంతకం లేదు, ఏం లేదు. పో సామీ! ఇంకోసారి వస్తే మర్యాద దక్కదు."

మంచినీళ్లయినా అడక్కుండా ఎండలో బస్టాపు వైపు నడిచాడు.

నాలుగు నెలలకు తీర్పు వచ్చింది. కూతురు మహిమ చదివింది. చేరేటప్పుడు లేని జబ్బు ఉద్యోగంలో వస్తే ఉద్యోగం వల్ల వచ్చినట్టేనట. పింఛను ఇవ్వాలట.

"అమ్మా, నాయిన పాటలు కట్టేది కూడా దీంట్లో ఉండాది! ఎవరో సాక్ష్యం చెప్పినారు."

పాటల సంగతి ప్రేమమ్మ చెప్పింది ఆ ఫైలు ముసలాయనకే. వెంటనే వకీలుకు ఫోను చేసింది.

"ఆ సాక్ష్యం చెప్పిన పెద్దాయన నంబరు ఇయ్యి సార్. వాకిట్లోంచే తరిమినా. తప్పయిందని చెప్పుకోవాల."

"సాక్ష్యం చెప్పిన మూడో వారమే పోయినాడమ్మా. అప్పటికే క్యాన్సరు ముదిరిపోయి ఉండె."

"అయ్యో దేవా! బ్రోకరనుకుంటి. ఎవరు సార్ ఆయప్ప?"

వకీలు చెప్పాడు.

"మీ ఆయన్ను పట్టాళం నుంచి పంపేటప్పుడు పుట్టుకతో వచ్చిన జబ్బని రాసిన డాక్టరు ఆయనేనమ్మా."