మధ్య కుర్చీ

"ఆయనకి చెప్పండి, ఇది జట్టు కాదు, సంత అని!"

కుడి పక్క కుర్చీలోంచి లైబ్రరీ మేడం గొంతు పెంచింది. డ్రైవరు ఎడమవైపు తల తిప్పేలోగానే టైలరు అందుకున్నాడు.

"ఆవిడకి చెప్పండి, ఈ సంతే ఈ ఏడాది ఫైనల్‌కొచ్చిందని."

ఇద్దరి మధ్యా ఇరుక్కున్న డ్రైవరు నవ్వాపుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషాయన. మనవరాలు కొత్తగా కాలేజీ వాలీబాల్ జట్టులో చేరడంతో ఒక్క మ్యాచ్ కూడా వదలడం లేదు. మొదటిరోజు గ్యాలరీ కిటకిటలాడుతుంటే వీళ్ళిద్దరి మధ్య ఒక్క కుర్చీ మాత్రం ఖాళీగా కనిపించింది. అదృష్టం బాగుందనుకుని కూలబడ్డాడు. అది ఎందుకు ఖాళీగా ఉందో ఐదు నిమిషాల్లో తెలిసొచ్చింది. అప్పటినుంచి ఇటు మాట అటు, అటు మాట ఇటు మోయడమే ఆయన ఉద్యోగం. రిటైరైనా డ్యూటీ తప్పలేదని మనవరాలి దగ్గర వాపోయేవాడు కూడా.

కోర్టులో బంతి ఎత్తి ఇవ్వాల్సిన పిల్ల కాస్త తడబడింది. బంతి నెట్‌కి తగిలి కిందపడింది.

"చూశారా?" అంది మేడం. "ఆరో నంబరు పిల్ల ఉండగా ఒక్క బంతైనా ఇలా పడేదా? అడగండి ఆయన్ని."

"పడేది కాదు," టైలరు ఒప్పుకున్నాడు. "కానీ ఈ పిల్ల కూడా నేర్చుకుంటోంది. పోయినేడు మొదటి రౌండులోనే ఇంటికెళ్ళిన జట్టండీ ఇది. ఎంతసేపూ ఆరో నంబరే అంటూ కూర్చుంటే మిగతా పిల్లలేమైపోవాలి?"

"అవునవును. ఆయనకి అన్నీ తొందరే."

డ్రైవరు కోర్టు వంక చూశాడు. ఐదు ఉంది, ఏడు ఉంది. బెంచీ మీద కూడా ఆరు లేదు.

"మరి ఆరో నంబరు బనీను ఎవరికీ ఇవ్వలేదేం?"

"కుట్టేది ఆయనేగా. ఆయన్నే అడగండి."

"అదొక్కటీ నేను కుట్టనండీ," అన్నాడు టైలరు. కత్తెర పట్టీ పట్టీ కాయలు కాసిన బొటనవేలిని రెండో చేత్తో నిమురుకుంటూ ఉండిపోయాడు.

నాలుగో సెట్టు అయ్యాక మైకు గరగరమంది. వచ్చే ఏడాది నుంచి హాలు మొత్తం బాస్కెట్‌బాల్ జట్టుకే ఇస్తున్నారట. వాలీబాల్ ఆటలన్నీ కాలేజీ వెనకాల మైదానంలో జరుగుతాయట. అక్కడ గ్యాలరీ లేదు. జనం ఉసూరుమన్నారు గానీ, టైలరు మాత్రం దిగ్గున లేచి నిలబడ్డాడు.

"అదేంటండీ! మరి చూసేవాళ్ళెక్కడ కూర్చుంటారు? పక్కపక్కన కూర్చునే చోటు లేకుండా ఎలా?"

మైకు ముందున్నవాళ్ళకి ఆయన మాట చేరనేలేదు. టైలరు మొహంలో కత్తివాటుకి నెత్తురుచుక్క లేదు.

"కూర్చోమనండి ఆయన్ని," అంది మేడం. "హాలు బాస్కెట్‌బాల్ వాళ్ళతో పంచుకుందామా అని మీటింగు పెట్టినరోజు అందరికంటే ముందు చెయ్యెత్తింది ఎవరో అడగండి. చెక్క ఫ్లోరింగు వస్తుంది, కొత్త లైట్లు వస్తాయి, జట్టు బాగుపడుతుందని ఊదరగొట్టారు."

"వచ్చాయిగా," అన్నాడు టైలరు నీరసంగా.

"ప్రాక్టీసు టైము కూడా మారింది. అది చెప్పరేం? సాయంత్రాలన్నీ వాళ్ళకిచ్చేసి, మన పిల్లల్ని రాత్రి తొమ్మిదింటిదాకా ఉంచేశారు." ఆవిడ సంచీ ఒళ్ళోకి లాక్కుంది. ఈసారి ఎవరికీ చెప్పమనలేదు. "తొమ్మిదింటికి సైకిలెక్కింది ఆరో నంబరు పిల్ల. మలుపు దాటలేదు. లారీ."

డ్రైవరు ఆవిడ వైపు పూర్తిగా తిరిగాడు.

"మీ అమ్మాయా తల్లీ?"

ఆవిడ తలూపింది. "మూడేళ్ళయింది."

ఆ తర్వాత ఆట సాగింది గానీ డ్రైవరు కళ్ళకి ఏమీ ఆనలేదు. మనవరాలు ఆడటానికి దిగినా చప్పట్లు కొట్టబుద్ధి కాలేదు. ఇన్నాళ్ళూ సరదా తగువనుకుని తను మోసిన మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. ఎడమపక్క మనిషిని చూస్తే ఒళ్ళు మండింది. చెయ్యెత్తినవాడు చెయ్యెత్తాడు, కన్నతల్లి ముందు కూర్చుని ఇంకా మాటకి మాట అప్పజెబుతున్నాడు!

ఆఖరి సెట్టులో వీళ్ళ జట్టే గెలిచింది. పిల్లలు ఒకరినొకరు వాటేసుకుని గెంతుతున్నారు.

"గెలిచారు!" అన్నాడు టైలరు. "జట్టు బాగుపడిందా లేదా, ఆవిడని అడగండి."

డ్రైవరు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఒక్కసారి అడగండి, మీకు పుణ్యముంటుంది."

మేడం సంచీ భుజాన వేసుకుని లేచింది. "ఎవరు గెలిస్తే ఏంటట? అది కూడా చెప్పండి ఆయనకి," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆవిడ ఆఖరి మెట్టు దిగి గుమ్మం దాటేదాకా టైలరు చూపు మరల్చలేదు.

డ్రైవరు ఇక ఆగలేకపోయాడు.

"మీరు మనిషేనా అసలు? బిడ్డని పోగొట్టుకున్న తల్లండీ. ఆవిడ నాలుగు మాటలంటే పడి ఊరుకోలేరా? పనిగట్టుకుని రెచ్చగొడతారా?"

"రెచ్చగొట్టకపోతే ఆవిడ మాట్లాడదండీ."

"మాట్లాడకపోతే? మీకొచ్చిన నష్టమేంటి?"

కింద పనివాళ్ళు నెట్ విప్పి చుడుతున్నారు. ఇంకో ఇద్దరు బాస్కెట్‌బాల్ స్తంభాలు దొర్లించుకొస్తున్నారు. టైలరు వాళ్ళనే చూస్తూ మొహం తుడుచుకున్నాడు.

"ఇంట్లో ఆవిడ నాతో మాట్లాడి మూడేళ్ళయిందండీ."